విత్తనానికి వదిలిన చెట్లు

మొన్న మా ఊళ్ళో పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. పాత విత్తనాల మీద మీటింగు. పట్నం నుంచి వచ్చిన పిల్లలు గాజు సీసాల్లో కొర్రలు, అలసందలు, వంగ గింజలు పోసి బల్ల మీద వరసగా పెట్టారు. వాళ్ళలో ఒక అమ్మాయి, మా మనవరాలి ఈడుది, నా దగ్గరకొచ్చి ఫోను నా మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"మామ్మగారూ, మీ చిన్నప్పుడు ఇక్కడ నాటు మిరప ఉండేదంట గదా. ఆ విత్తనం ఏమైంది? ఆడవాళ్ళే గదా విత్తనం దాచేది, మీరెందుకు పోగొట్టుకున్నారు?"

చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. మా వీధి ముసలాయన ఒకడు, "వీళ్ళకి సీరియళ్ళు చూట్టానికే పొద్దు చాలదు, ఇంక విత్తనం యాడ దాస్తారమ్మా" అన్నాడు. ఇంకా నవ్వారు. నేను కుర్చీలోంచి లేచి ఇంటికొచ్చేశాను.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదని రాయబోయాను. అబద్ధం ఎందుకు, ఉంది. ఆ ముసలాయన మీద ఇంకా ఉంది. ఆయన జన్మలో ఒక్క గింజ దాచినవాడు కాదు. మా మిరప విత్తనం ఏమైందో నాకు తెలుసు. తెలిసిన మిగతావాళ్ళందరూ పోయారు. ఫోను ముందు రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు గనక రాస్తున్నాను. నాకు రాయడం వచ్చింది అరవై దాటాక. ఎందుకంత ఆలస్యమైందన్నదీ, ఆ విత్తనం ఎట్లా పోయిందన్నదీ రెండు సంగతులు కావు.

మిరప కోతలంటే ఇప్పుడందరికీ ఎర్రటి కల్లాలు గుర్తొస్తాయి. కార్లు ఆపి ఫొటోలు దిగుతున్నారు. ఎరుపు నిజమే. చలికాలపు ఎండకి కల్లం మీద కాయ వేడెక్కి, తీపీ ఘాటూ కలిసిన ఒక వాసన వస్తుంది, అదీ నిజమే. నాకు ఇప్పటికీ ఆ వాసన ఇష్టం. కానీ తోటలో సంగతి వేరు. తెల్లారకముందే మంచులో చెట్లు తడిసి ఉండేవి. పావడా మోకాళ్ళ దాకా తడిసిపోయేది. తొడిమ విరగకుండా కాయ తుంచాలంటే బొటనవేలి గోరు ఆనించి పైకి ఎత్తాలి. వంద కాయలకి ఏమీ ఉండదు. మధ్యాహ్నానికి గోటి మూలల్లో మంట మొదలవుతుంది. సాయంత్రానికి చేతులు మనవి కావు. కన్ను నలుపుకోకూడదు, ముక్కు తుడుచుకోకూడదు. మా అమ్మకి అప్పుడు చంటిపిల్ల. పాలివ్వబోయే ముందు చేతులు మట్టితో రుద్ది, మజ్జిగతో కడిగి, మళ్ళీ మట్టితో రుద్దేది. అయినా ఆ పిల్ల రొమ్ము నోట పెట్టుకోగానే వదిలేసి గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపు ఏ ఫొటోలోనూ పడదు.

మధ్యాహ్నం తుమ్మచెట్ల కింద కూర్చుని సద్దన్నం తినేవాళ్ళం. జొన్నన్నం, పులిసిన మజ్జిగ, చింతపండేసి తొక్కిన పండుమిరప పచ్చడి. పొద్దంతా కారం కోసి మళ్ళీ కారమే తినేవాళ్ళం, మరి ఇంకేముంది. కూలికొచ్చిన ఆడవాళ్ళ మాటలు ఆ పచ్చడి కన్నా ఘాటు.

"ఒసే చిన్నదానా, నీ సాలు ఎనకబడింది. రేపు మొగుడింట్లో కూడా ఇట్టాగే ఈడుస్తావా?"

"దానికేం, మొగుడే కోసిపెడతాళ్ళే."

"ఆఁ, నీ మొగుడు కోసిపెట్టినట్టు."

అందరూ పడిపడి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. చేలో పని లేదు. ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తావని మా నాన్న నన్ను అన్నతో పాటు బడికి తోలాడు. అంతే, ఇంకే కారణమూ లేదు. మూడు నెలలు పోయాను. అచ్చులు వచ్చాయి, హల్లుల్లో సగం వచ్చాయి. పలక మీద రాసింది చెరిపేయాలంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. చెరిపే ముందు పక్కనున్న పిల్లకి చూపించి అప్పుడు చెరిపేదాన్ని. తర్వాత మిరప కాపుకొచ్చింది. అన్న బడికి, నేను తోటకి.

"చిన్న వేళ్ళు. తొడిమ చిట్లకుండా కోస్తుంది. పెద్దాళ్ళకి రాదు ఆ పని" అని మా నాన్న నలుగురిలో నన్ను మెచ్చుకున్నాడు. ఈ మెచ్చుకోలు ఈ చుట్టుపక్కల ఎంతమంది ఆడపిల్లల్ని తినేసిందో. పత్తి చేలో అయినా ఇదే మాట, పొగాకు గుచ్చేటప్పుడైనా ఇదే మాట. మా అన్న వేళ్ళు కూడా చిన్నవే. వాటి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఒకరోజు అన్న సద్దిగిన్నె మూత లోపల పండుకాయ చిదిమి రుద్దాను. బళ్ళో వాడి మూతి వాచిపోయింది. నాకు నాలుగు తగిలాయి. ఆ పనికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

పంతులుగారు ఒకసారి కల్లం దగ్గరకే వచ్చారు. "అమ్మాయికి చురుకుందయ్యా. నాలుగు అక్షరాలు రానీ. వేలిముద్ర ఎయ్యకుండా బతుకుద్ది" అన్నారు.

మా నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పంపిస్తానండి పంతులుగారూ, పంపించకేం చేస్తాను. ఈ ఒక్క కోత అవనివ్వండి."

వెళ్ళేటప్పుడు ఒక గుడ్డలో మిరపకాయలు మూట కట్టి ఇచ్చాడు. పంతులుగారు మూట చంకన పెట్టుకుని వెళ్ళారు. మళ్ళీ నా సంగతి అడగలేదు.

మొదటి కోత అయింది. నేను పలక కడిగి పెట్టుకున్నాను. "రెండో కోత ముంచుకొస్తంది గదే అమ్మాయ్, ఈ ఒక్కటీ కానీ" అన్నాడు మా నాన్న. మిరప అట్లాంటిది. ఒక కోత కోసి వెనక్కి తిరిగేసరికి ముందు కోసిన సాళ్ళలో మళ్ళీ పండి ఉంటుంది. ఆ మాట ఎప్పటికీ అయిపోదని నాకు అప్పుడే అర్థమైంది.

రెండో కోత ముందు మా నాయనమ్మ తోటలోకి వచ్చేది. మిగతా పనులకి రాదు, నడుము వంగిపోయింది. ఈ పనికి మాత్రం తప్పకుండా వచ్చేది. తన పాత తెల్లచీర చింపిన పేలికలు చేతికి చుట్టుకుని, సాలు సాలూ తిరిగేది. ఒక్కో చెట్టు ముందు ఆగి, ఆకు తిప్పి చూసి, మొదలు దగ్గర మట్టి వేలితో కెలికి, నచ్చితే మొదటి కొమ్మకి పేలిక కట్టేది. పేలిక కట్టిన చెట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఎంత తొందరలో ఉన్నా కూలివాళ్ళు ఆ చెట్టు వదిలేసి పక్కదానికి పోయేవారు. దాని కాయ చెట్టు మీదే పండి ముడతలు పడ్డాక, నాయనమ్మే కోసుకుని, వేరే చాప మీద ఆరబెట్టి, గింజ తీసి, బూడిద కలిపి కుండలో పోసి, మూతికి పేడ అలికి, తన గదిలో అటక మీద పెట్టేది. మరుసటేడు తోటంతా ఆ కుండలోంచి వచ్చేదే. ఊళ్ళో మిగతావాళ్ళు అప్పటికే కొట్టు విత్తనానికి మళ్ళారు. మా ఇంట్లోనే ఆ కుండ మిగిలింది.

ఆ ఏడు నన్ను వెంటబెట్టుకుని తిరిగింది. నేను పెద్ద నిగనిగలాడే కాయ చూపించి, "దీనికి కట్టు నాయనమ్మా" అన్నాను.

"కాయ చూసి మోసపోబాకే అమ్మీ. చెట్టుని చూడాల. పక్కన చెట్లన్నిటికీ ఆకుముడత తెగులు వచ్చింది చూడు, ఇది చెక్కుచెదరకుండా నిలబడింది. మనకి కావాల్సింది ఇది."

"ఇవన్నీ కోసేస్తే ఏమవుద్ది?"

"ఏమవుద్ది. వచ్చే ఏడు తోట ఉండదు."

ఆమె ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. రెండు రోజులు అదే నా బుర్రలో తిరిగింది. విత్తనం లేకపోతే తోట లేదు. తోట లేకపోతే కోత లేదు. కోత లేకపోతే నన్ను బడికి పంపక ఏం చేస్తారు? వానలు లేనప్పుడు పంపించారు గదా. ఊళ్ళో అందరూ కొట్లో విత్తనం తెస్తున్నారని నాకు తెలియదు. విత్తనమంటే నాయనమ్మ కుండలో ఉండేదనే నేననుకున్నాను. అంత చిన్నదాన్ని నేను. అంత చిన్నదాన్ని ఒక కూలిమనిషి లెక్కన తోటలో నిలబెట్టారు.

రెండో కోత రోజు, అందరూ తుమ్మచెట్ల కింద సద్దులు విప్పుతుంటే నేను సాళ్ళలోకి వెళ్ళాను. నాయనమ్మ ముళ్ళు గట్టివి. గోళ్ళతో రాలేదు, పళ్ళతో లాగాను. పెదాలు మండాయి. ఊడదీసిన ప్రతి పేలికనీ నేల నెర్రెలో కుక్కాను. ఎండాకాలం దగ్గర పడితే మా నల్లరేగడి నెర్రెలు విచ్చుకుంటుంది, మోచేతి దాకా చెయ్యి దూరుతుంది. పాతిక ముప్ఫై పేలికలు ఆ నేల మింగేసింది. మధ్యాహ్నం ఆడవాళ్ళు వరసగా కోసుకుంటూ వచ్చారు. గుర్తు లేని చెట్టుని ఎవరు వదులుతారు? వాటిలో నాలుగైదు నా సాలులోనే వచ్చాయి. నా చేత్తోనే కోశాను.

వారం తర్వాత నాయనమ్మ బుట్ట పట్టుకుని వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగింది. ఎండ నడినెత్తికి వచ్చినా తిరుగుతూనే ఉంది. అన్ని చెట్లకీ పచ్చి పిందెలు తప్ప ఏమీ లేవు. మూడో కోతకొచ్చే ఆ కాయ విత్తనానికి పనికిరాదు.

మా నాన్న గట్టు మీద నిలబడి అరిచాడు. "ఎందుకమ్మా ఎండలో ఆ తిప్పలు? నువ్వు కట్టి ఉంటే గదా కనపడేది."

"కట్టానురా."

"కట్టానని నీకనిపించింది. చూపు ఆనట్లేదు నీకు. పోనీలే, కల్లంలో కావాల్సినన్ని కాయలున్నాయి, మంచివి నాలుగు ఏరుకో."

"ఏ కాయ ఏ చెట్టుదో ఎట్టా తెలుసుద్దిరా?"

"తెలియకపోతే మానె. నేను వినుకొండ పోయి కొత్తరకం పట్టుకొస్తా. ఊరంతా అదే పెడతంది. ఈ కుండల గోల వదిలిపోద్ది."

కూలివాళ్ళలో ఒకామె, "ముసలమ్మ కల్లో కట్టుంటదిలే" అంది. నవ్వారు.

ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది. "అమ్మీ, నేను పేలికలు కట్టాను గదా. నువ్వు నాతోనే ఉన్నావు గదా. చూశావు గదా."

"ఏమో నాయనమ్మా. నాకు గుర్తు లేదు" అన్నాను.

ఆమె తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది, వాటినే అడుగుతున్నట్టు. ఆ రోజు నుంచి ఏ పని చేసినా రెండోసారి చూసుకునేది. తలుపు వేసి మళ్ళీ వచ్చి తోసి చూసేది. కూరలో ఉప్పు వేసి, వేశానా అని మా అమ్మని అడిగేది. అదంతా నేను చేసిన పనే.

నారు పోసే కాలం వచ్చింది. అంతకుముందు మా ఇంట్లో ఆ రోజు ఎట్లా ఉండేదో చెప్పాలి. మా నాన్న ఎవరినీ ఏమీ అడిగే మనిషి కాదు. ఆ ఒక్కరోజు మాత్రం చెప్పులు బయట విడిచి, నాయనమ్మ గది గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, విత్తనం దించుతావా" అని అడిగేవాడు. ఆమె తలస్నానం చేసి తడి జుట్టు ముడేసుకుని కూర్చుని ఉండేది. వెంటనే దించేది కాదు. ఆ ఏడాది ఆమె మనసులో ఏముందో అప్పుడు చెప్పేది. ఒకసారి, "నీ చెల్లెలు పురుటికి ఇక్కడికే వస్తది. ఔనంటే దించుతా" అంది. ఇంకోసారి నూతి చుట్టూ చప్టా కట్టించమంది. నాన్న పళ్ళు నూరేవాడు, విసుక్కునేవాడు, చివరికి ఒప్పుకునేవాడు. ఒప్పుకున్నాకే కుండ కిందకి దిగేది. నేను అదంతా చూస్తూనే పెరిగాను. ముసలామె మొండితనం అనుకున్నాను.

ఆ ఏడు కూడా నాయనమ్మ తలస్నానం చేసి గదిలో కూర్చుంది. ఎవరూ పిలవలేదు. మా నాన్న వినుకొండలో కొన్న పొట్లం జేబులోంచి తీసి, వాకిట్లోనే చింపి, నారుమడిలో చల్లేశాడు. ఆమె జుట్టు ఆరేదాకా అక్కడే కూర్చుని, తర్వాత లేచి వడ్లు చెరగడానికి పోయింది.

కొత్త విత్తనం బాగా కాసింది. లేనిది చెప్పను. మా పూరిల్లు పెంకుటిల్లు అయింది ఆ తోటతోనే. మా అన్న పొదిలి హైస్కూలుకి పోయింది ఆ తోటతోనే. పురుగు కూడా అట్లాగే పట్టింది. మందు కొట్టిన మర్నాడే మమ్మల్ని కోతకి దించేవారు. సద్దన్నంలో మందు వాసన, జుట్టులో మందు వాసన, చంటిదాని ఉయ్యాల గుడ్డలో మందు వాసన. చెట్టు నిండా కాయ. కోసినకొద్దీ కాయ. పాత మిరప మూడు కోతలకి అలిసిపోయేది. ఇది అలిసేది కాదు. బడి కోసం నేను చేసిన పని నన్ను తోటలో ఇంకా లోతుగా పాతింది.

రెండో కోత కాయ కల్లానికి చేరిన రోజు, నాన్న సంతోషంగా ఉండటం చూసి, బడి సంగతి అడిగాను.

"పంపిస్తా అమ్మాయ్. ఈ ఒక్క కోత కానీ."

నాకేమైందో తెలియదు. చేతిలో ఉన్న బుట్ట ఆయన కాళ్ళ ముందు తిరగేశాను. "పోయినేడు నాయనమ్మ కట్టిన పేలికలు నేనే పీకాను. తోట లేకుండా పోవాలని పీకాను. నీ తోట నాశనమైపోతే నన్ను బడికి పంపుతావని పీకాను" అని అరిచాను.

కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపారు. నాయనమ్మ కూడా వాళ్ళలోనే ఉంది. నాన్న చెయ్యెత్తుతాడని నేను కళ్ళు మూసుకున్నాను. కొట్టినా బాగుండేది.

నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓసి నీ దుంపతెగ. నువ్వా ఆ పని చేసింది? ఎంత మంచిపని చేశావే. లేకపోతే ఈ ముసల్ది ఇంకా ఆ కుండతో నన్ను ఆడించేది" అన్నాడు. పక్క కల్లం వాళ్ళని పిలిచి మరీ చెప్పాడు. "మా అమ్మాయి మూలంగానే మాకు కొత్త విత్తనం వచ్చింది, ఇనండి." పైగా ఒక బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక్కడు కూడా, ఎందుకు చేశావే అని అడగలేదు. ఎందుకు చేశానో నేను అరిచి చెప్పాను. ఆ సగం ఎవరి చెవినా పడలేదు.

నాయనమ్మ చెవిన పడింది. పొద్దు వాలాక నూతి దగ్గర నా చేతులకి ఆముదం రాసింది. నేనే ఉండబట్టలేక, "కొట్టు నాయనమ్మా" అన్నాను.

"కొట్టి ఏం చేసుకోను." నా రెండో చెయ్యి అందుకుని అంది, "బడికి పోవాలని అంత ఉందా నీకు?"

"ఊఁ."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయాను, ఆమె వదల్లేదు.

"నాతో ఒక్క మాట చెప్పుంటే ఆ కుండ దించేదాన్నా? ఈ పిల్ల బడికి పోతేనే నారు పోసేదని భీష్మించుకుని కూర్చునేదాన్ని. వాడు గంతులేసినా దించేదాన్ని కాదు. నీ మేనత్త పురుడు ఈ ఇంట్లో పోశానా లేదా? ఎట్టా పోశాననుకున్నావు?" ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటీ తన వేళ్ళ మధ్య పెట్టి తుడిచింది. "ఇప్పుడైనా వాణ్ణి అడిగి చూస్తాను. కానీ నా మాట వాడెందుకు వింటాడు? నా దగ్గర ఏముందని?"

అయినా అడిగింది. ఆ రోజు అన్నం దగ్గర అడిగింది. "నీకెందుకమ్మా, తిని పడుకో" అన్నాడు మా నాన్న, తల కూడా ఎత్తకుండా.

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తలచుకున్నానో. మా నాన్న మీద కోపం అలాగే ఉంది, పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని అంటారు గాని నేను పెట్టుకున్నాను. మూట తీసుకుపోయిన పంతులు మీద ఉంది. ఎక్కువ కోపం మాత్రం దీని మీద: ఒకే ఇంట్లో, ఒకే చాప మీద, ఒక పిల్లా ఒక ముసలామే పక్కపక్కన పడుకున్నాం. నాకేం కావాలో ఆమెని అడగాలని నాకు తోచలేదు. నేనెందుకు మూతి ముడుచుకుని తిరుగుతున్నానో నన్ను అడగాలని ఆమెకీ తోచలేదు. ఏది కావాలన్నా ఆ ఇంట్లో అడగాల్సిన మనిషి ఒక్కడే అని ఇద్దరికీ నేర్పారు. ఆ ఒక్కడి చేత ఔననిపించగలిగింది ఆమె దగ్గర ఒకటుండేది. దాన్ని నా పళ్ళతో నేనే ఊడదీశాను.

ఆ ఏడు తోట అయిదు కోతలు కాసింది. అయిదూ కోశాను.